ఆనంద గజపతి పోయాక పెరిగిన నాటకం

సభకు నమస్కారం.

వేదిక మీది పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడినవారంతా వరసగా చదివారు. మళ్లీ చదివితే వారికి పుణ్యం, మీకు పరీక్ష. అందుకని అందరికీ కలిపి ఒకే దండం పెడుతున్నాను. విడిగా దండం పెట్టవలసినవాడు ఒకడున్నాడు. ఆ మూల మైకు పెట్టె దగ్గర కూర్చున్న కుర్రవాడు. గుంటూరులో నాటకాలు వేసేవాళ్ల పరువు ప్రతిష్ఠలు అతని చేతిలోనే ఉంటాయి. నాయనా, నా గొంతు చిన్నది, కాస్త చూసుకో.

నాకిచ్చిన విషయం "రాజాదరణ, గురజాడ నాటక రచన". ఇరవై నిమిషాలు అన్నారు. దండాలకే రెండు నిమిషాలు పోయాయి.

ఈ విషయం మీద మన సాహిత్య సభల్లో రెండు పాటలు వినిపిస్తుంటాయి. విజయనగరం మహారాజా ఆనంద గజపతి లేకపోతే గురజాడ లేడు, కన్యాశుల్కం లేదు అన్నది మొదటి పాట. గురజాడ ప్రజల మనిషి, ఆయనకు రాజులతో పనేమిటి, ఆ పేరెత్తితేనే మైల అన్నది రెండోది. నాకు రెండూ రుచించవు. ఆ నాటకాన్ని పుట్టించింది రాజు కొలువే. అది ఎదిగింది మాత్రం రాజు పోయాక. ఈ ఒక్క మాట చెప్పడానికే వచ్చాను. దారిలో పక్కకు పోతే ముందు వరసలోనివారు దగ్గండి, తిరిగి వస్తాను.

అప్పుడే పక్కకు పోతున్నాను. ఒకసారి తంజావూరు వెళ్లొద్దాం. 17వ శతాబ్దంలో విజయరాఘవ నాయకుడు అక్కడ ఏలుతున్నప్పుడు తెలుగు యక్షగానం రాజసభలో దేదీప్యమానంగా వెలిగింది. రాజు తానే రచయిత. తండ్రి రఘునాథ నాయకుడి మీద 'రఘునాథాభ్యుదయం' రాశాడు. ఆయన కొలువులోని పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసింది. అందులో నాయకుడెవరనుకున్నారు? విజయరాఘవుడే! డబ్బిచ్చేవాడు, కథానాయకుడు, ఎదురుగా కూర్చుని చూసేవాడు, ముగ్గురూ ఒకరే. రంగాజమ్మ ప్రతిభకు నేను వంక పెట్టడం లేదు. ఆమె పాదాలకు మొక్కవచ్చు. కానీ రాజు అండ ఉన్న నాటకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దానికి తంజావూరు ఒక కొస. రెండో కొస విజయనగరం. అక్కడ రాజు నీడలో రాసిన నాటకంలో రాజు లేడు. అదెందుకో తర్వాత చెబుతాను. మరిచిపోతే అడగండి.

గురజాడ వెంకట అప్పారావు విజయనగరం మహారాజా వారి కళాశాలలో చదివి 1886లో బి.ఏ. అయ్యారు. కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తా పని చేశారు. మరుసటి ఏడు తాను చదివిన కళాశాలలోనే ఉపాధ్యాయుడయ్యారు. 1891లో ఆనంద గజపతి ఆయనను సంస్థానంలో శాసన పరిశోధకుడిగా వేశారు. గమనించండి, ఆస్థాన కవిగా కాదు. నా పుట్టినరోజుకు పద్యం చెప్పు, నా ఏనుగు మీద సీసం చెప్పు అనే కొలువు కాదు. రాళ్ల మీది రాతలు చదివే పని. నాటకకర్తకు అంతకంటే మంచి ఉద్యోగం ఉంటుందా? పాత దానపత్రాలు చదివినవాడికి మనిషి దానం చేసేటప్పుడు ఏం చెబుతాడో, ఆ తర్వాత ఏం చేస్తాడో రెండూ తెలుస్తాయి.

అంతకుముందు ఆయన ఇంగ్లీషులో కవిత్వం రాసేవారు. 'సారంగధర' అనే ఇంగ్లీషు కావ్యం కలకత్తా దాకా వెళ్లింది. అక్కడి పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుంటూనే, నీ భాషలో రాయవయ్యా అని హితవు చెప్పారు. బెంగాలీ ఆయన చెబితే గానీ తెలుగువాడికి తెలుగు గుర్తు రాలేదు. మన సంగతి ఎప్పుడూ ఇంతే, ముందుకు పోదాం.

అసలు విషయం జాబితా. కన్యాశుల్కం మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక ఉంది. పాఠాలు చెప్పే రోజుల్లో నేను పిల్లలకు నాటకం కంటే ముందు ఆ పీఠిక చదివించేవాణ్ని. సంఘ సంస్కరణ చట్టాల మాట గట్టిగా నడుస్తున్న కాలంలో మహారాజా విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? అందుకే అది పూర్తి జాబితా కాదని గురజాడే అన్నారు. అయినా లెక్కకు 1,034 పెళ్లిళ్లు తేలాయి. ఏడాదికి సగటున 344. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందు ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదిరేదని రాశారు.

అమ్మా, మీరు తల దించుకున్నారు. దించుకోకండి. ఇప్పుడు వెల పెళ్లికొడుకుది, ఈ హాల్లో రసీదులు చాలామంది దగ్గరే ఉంటాయి.

ఏమంటున్నానంటే, ఇలాంటి జాబితా ఒక కాలేజీ ఉపాధ్యాయుడికి సొంతంగా చేతికి రాదు. ఊరూరా మనుషులను పంపి, అగ్రహారాల గుమ్మాల ముందు నిలబెట్టి అడిగించగలిగినవాడు జమీందారు ఒక్కడే. రాజాదరణ అంటే శాలువా, పల్లకి, కనకాభిషేకం అనుకుంటాం. గురజాడకు రాజు చేసిన అతిపెద్ద సాయం నా దృష్టిలో ఈ కాగితాల కట్ట. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు పద్ధెనిమిది వందలకు ఇస్తానంటాడు. మనం నవ్వుతాం. ఆ నవ్వు వెనక 1,034 ఇళ్ల లెక్క ఉంది.

ఇదే రాజు ఇంకో పని చేశారు. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో అచ్చు వేసిన ఋగ్వేదానికి రెండో కూర్పు 1890 నుంచి 1892 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చింది. దాని ఖర్చు భరించింది ఆనంద గజపతి. 1892లోనే, ఆగస్టు 13న, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. ఒకే ఖజానా. ఒక చేత్తో వేదం అచ్చు వేయించింది, ఇంకో చేత్తో వేదం వల్లించే నోటితోనే బిడ్డ బేరం ఆడే అగ్నిహోత్రావధాన్లును రంగస్థలం ఎక్కించింది. ఆ రాజులో వైరుధ్యం ఉందని కొందరంటారు. నాకు మాత్రం ఆ మనిషిలో ఇదే నచ్చుతుంది. వేదం మీద గౌరవం ఉన్నవాడికే దాన్ని అడ్డం పెట్టుకుని అమ్మకాలు చేసేవాడి మీద అంత కోపం వస్తుంది.

నాటకంలోని వేశ్య మధురవాణి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన సంస్కర్తలకు వేశ్య ఒక సమస్య. వీరేశలింగం గారు భోగం మేళాల మీద యుద్ధం చేశారు, ఆ యుద్ధంలో న్యాయం ఉంది. కానీ ఆ చూపుతో మధురవాణిని రాయలేరు. ఆమెకు సంగీతం తెలుసు, సాహిత్యం తెలుసు, ఎదుటివాడి జేబు లోతూ బుద్ధి లోతూ రెండూ తెలుసు. విద్వాంసులు, వైణికులు, నర్తకులు ఒకే గడపలో తిరిగే సంస్థానంలో బతికిన మనిషే ఆమెను అలా చూడగలడు. మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు ఆ వేషం కట్టారు. మగవాడు ఆడవేషం కట్టాడు, ఆ ఆడవేషం చివరి అంకంలో మళ్లీ మగవేషం కడుతుంది. ఎంత చిత్రమో ఆలోచించండి. మీలో చాలామందికి మధురవాణి అంటే 1955 సినిమాలో సావిత్రి. తప్పులేదు. కానీ పుస్తకంలో ఉన్న మధురవాణి ఇంకా పొడుగరి.

ఎవరో దగ్గారు. వస్తున్నాను, రాజు దగ్గరికే వస్తున్నాను.

నాటకంలో రాజెందుకు లేడు? కన్యాశుల్కంలో ఎవరెవరున్నారో ఒకసారి వేళ్లు మడవండి. అగ్రహారీకులు, వకీళ్లు, హెడ్డు కనిస్టేబు, దొంగ సన్యాసి, పూటకూళ్లమ్మ, సానులు, వాళ్ల వెంట తిరిగే రసికులు, వ్యాజ్యాల మీద బతికే రామప్పంతులు, ఇంగ్లీషు ముక్కలతో ఊరిని మోసం చేసే గిరీశం. తెర లేచేదే విజయనగరం బొంకులదిబ్బ మీద. అంటే సంస్థానం రాజధాని నడిబొడ్డున. ఇంతమందిని ఉతికి ఆరేసిన కలం జమీందారు జోలికి పోలేదు. జమీందారీ శిస్తు, అమీనాలు, రైతు గోడు, ఏదీ నాటకంలోకి రాలేదు. విజయనగరం జమీ మద్రాసు ప్రెసిడెన్సీలో అతిపెద్ద జమీల్లో ఒకటి. ఆ ఊళ్లో నివసించి, అన్నీ చూసి, అదొక్కటీ రాయలేదంటే కళ్లు లేక కాదు. తంజావూరులో రాజు నాటకానికి నాయకుడయ్యాడు. విజయనగరంలో రాజు నాటకానికి పొలిమేర అయ్యాడు. కలం ఎటు వెళ్లినా అడ్డం లేదు, ఆ ఒక్క దిక్కు తప్ప. గురజాడ అభిమానులకు ఇది కష్టంగా ఉంటుంది. నేనూ ఆయన అభిమానినే. రాజాదరణ ప్రభావం గురించి మాట్లాడమన్నప్పుడు రాసినదాంట్లో మాత్రమే వెతికితే సగమే దొరుకుతుంది. రాయనిదాంట్లో కూడా వెతకాలి.

అయితే ఈ కథకు రెండో సగం ఉంది. మొదటి కూర్పు 1897లో అచ్చయింది, మహారాజాకు అంకితమైంది. ఆ ఏడే ఆనంద గజపతి కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా లేవు. సంతానం లేదు. సంస్థానం వారసత్వం కోర్టుకెక్కింది. గురజాడ మహారాజా సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబ గారికి ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. ఏళ్ల తరబడి ఆ వ్యాజ్యాల వ్యవహారంలో తలమునకలయ్యారు. వకీళ్లతో మంతనాలు, సాక్ష్యాలు, దస్తావేజులు. ఆ మధ్యలో, 1909లో, కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చింది. కూర్పు అనడమే అన్యాయం. అది ఇంకో నాటకం. ఐదు అంకాల నాటకం ఏడు అంకాలయింది. మనం ఇవాళ కన్యాశుల్కం అని తలచేది ఈ 1909 నాటకాన్నే. మొదటిదాన్ని చదివినవారు ఈ హాల్లో చేతులెత్తండి.

చూశారా. నేను లెక్క చెప్పను.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటిది సంస్కరణ కోసం రాసిన నాటకం. దురాచారం ఉంది, దాన్ని ఎగతాళి చేయాలి, రాజుగారి జాబితాకు రంగస్థలం మీద సాక్షిగా నిలబడాలి. రెండోదానిలో దురాచారం ఒక సాకు మాత్రమే. మనుషులు ముందుకు వచ్చేశారు. మధురవాణి నాటకాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. కచేరీ, వకీళ్లు, సాక్ష్యం వండే విధానం, ఇదంతా వ్యాజ్యాల వాసన బాగా పట్టినవాడు రాసినట్టుంటుంది. చివరి అంకంలో మధురవాణి మారువేషంతో సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట కూర్చుని, మంచితనం పేరుతో మనుషులను మైలగా చూసే మంచివాణ్ని నిలదీస్తుంది. సంస్కర్తనే బోను ఎక్కించిన సంస్కరణ నాటకం అది. రాజు బతికి ఉండి, శాసనసభ మాట నడుస్తూ, నాటకం ఎప్పుడు ఆడిస్తావు అని అడిగేవాడు ఎదురుగా ఉంటే ఈ తీరిక, ఈ మొండితనం వచ్చేవి కావని నా నమ్మకం. ఆశ్రయం ఇచ్చినవాడి పట్ల కృతజ్ఞత మిగిలింది, ఆయన అవసరం మాత్రం తీరిపోయింది. నాటకకర్తకు అంతకంటే మంచి స్థితి లేదు.

ఇంకో చిన్న మాట. సుబ్బి పెళ్లి తప్పించింది ఎవరు? మేనమామ కరటకశాస్త్రి. ఆయన నాటకాల్లో విదూషకుడు. శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేయించి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు. జాబితా వల్ల, చట్టం వల్ల జరగని పనిని గురజాడ ఒక వేషగాడి చేత చేయించారు. ఇది రాజుగారికి చెప్పిన సమాధానమో, నాటకం వాళ్లకు చేసిన సన్మానమో మీరే తేల్చుకోండి.

సన్మానం అనే మాట నోట్లోకి వచ్చింది కాబట్టి, క్షమించాలి, ఇక ఆగలేను.

కొన్నేళ్ల కిందట ఈ చుట్టుపక్కలే ఒక ఊళ్లో కన్యాశుల్కాన్ని వీలైనంత నిండుగా ఆడాలని పూనుకున్నాం. పూర్తి పాఠం ఒక రాత్రిలో ఇమడదు. కత్తిరించినా ఏడు అంకాలూ ఉండాలని పట్టుబట్టాం. ఖర్చంతా నాది అని ఒక దాత ముందుకు వచ్చారు. ఊరు చెప్పను, పేరు అసలే చెప్పను. బడి వరండాలో రాత్రుళ్లు దోమల మధ్య రిహార్సల్స్ చేశాం. దాత గారి మొదటి కోరిక, తెర మీద వాళ్ల నాన్నగారి పేరు ఉండాలి. ఉండనివ్వండి, గురజాడ మాత్రం పుస్తకం ముందు మహారాజా పేరు వేయలేదా? రెండో కోరిక, గిరీశం పాత్రకు రెండు సినిమా పాటలు. కాళ్లావేళ్లా పడి అది తప్పించుకున్నాం. మూడోది చెప్పలేదు. ఆ రాత్రి ఆరో అంకం అయ్యాక తెలిసింది. తెర దించగానే దాత గారి మనుషులు కుర్చీలు మోసుకొచ్చి వేదిక మీద వేశారు. సన్మానాలు మొదలయ్యాయి. దాత గారికి, వారి శ్రీమతికి, వియ్యంకుడికి, మిల్లు భాగస్వామికి, వచ్చిన నాయకుడికి, నాయకుడితో వచ్చినవాళ్లకు. ప్రతి ఒక్కరికీ శాలువా, దండ, జ్ఞాపిక, ఫోటో. ఫోటో సరిగ్గా రాలేదంటే దండ తీసి మళ్లీ వేశారు. పక్క తెర చాటున మధురవాణి వేషంలో ఉన్న అమ్మాయి మగవేషానికి మీసం అంటించుకుని నిలబడి ఉంది. చెమటకు మీసం ఊడుతోంది, అంటిస్తున్నారు, ఊడుతోంది. ఈలోగా తెనాలి బస్సుకు వెళ్లేవాళ్లు లేచారు. బాపట్ల వైపు వెళ్లేవాళ్లు లేచారు. పిల్లలు నిద్రపోయారని ఊళ్లోవాళ్లూ లేచారు. ఇంకో పెళ్లికి వెళ్లాలని చివరికి దాత గారే లేచారు! ఏడో అంకం మొదలయ్యేసరికి ఎదురుగా ఉన్నవాళ్లు కుర్చీలు మడిచే కుర్రవాళ్లు. కథ అడ్డం తిరిగిందని గిరీశం అనే ఆఖరి మాట మీకందరికీ నోటికి వచ్చు. మా గిరీశం ఆ రాత్రి దాన్ని నటించవలసిన అవసరమే లేకపోయింది.

ఆనంద గజపతి నాటకం మధ్యలో తెర దింపించి శాలువా కప్పించుకున్నట్టు నేనెక్కడా చదవలేదు.

మన ప్రాంతానికి ఆదరణ కొత్తదేమీ కాదు. మైలవరం జమీందారులు బాలభారతీ నాటక సమాజాన్ని పోషించారు, దాంతో ఎందరో నటులు పొట్ట పోసుకున్నారు. రాజులు తప్పుకున్నాక టిక్కెట్టు కొన్నవాడు రాజయ్యాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పద్యానికి వన్స్‌మోర్ కొట్టిందీ మన జిల్లాల జనమే. ఆ రాజు కూడా నాటకాన్ని మార్చాడు. పద్యం సాగింది, మాట చిక్కిపోయింది. అయినా తెల్లవారేదాకా కూర్చున్నాడు. ఇప్పటి రాజు కూర్చోడు. ఆదరణ మంచిదా చెడ్డదా అని పండితులు వాదించుకోనీయండి. నేనడిగేది ఒక్కటే. డబ్బిచ్చినవాడు నాటకం చివరిదాకా కూర్చుంటాడా?

చీటీ వచ్చింది. "సమయం" అని రాశారు, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు. సరే. గురజాడ మిగతా నాటకాల గురించి విడిగా చెప్పాలనుకున్నాను. కొండుభట్టీయం వదిలేస్తాను. బిల్హణీయం మాత్రం వదలలేను. అది రాజుకూ కవికీ మధ్య కథ. రాజు తన కూతురికి చదువు చెప్పడానికి బిల్హణ కవిని కుదురుస్తాడు. ఇద్దరి మధ్య తెర కట్టిస్తాడు. గురువు గుడ్డివాడని పిల్లకు, పిల్ల కుష్ఠురోగి అని గురువుకు చెప్పిస్తాడు. ఆ అబద్ధం ఎలా బద్దలయిందో, రాజు కవికి ఎందుకు మరణశిక్ష వేశాడో మీకు తెలిసిన కథే. పోషకుడు కట్టిన తెరకు అటూ ఇటూ కూర్చున్న మనుషుల కథను గురజాడ ఎత్తుకున్నారంటే ఊరికే ఎత్తుకున్నారని నేననుకోను. ఇన్నాళ్లూ కలం వెళ్లని దిక్కుకు ఆయన అడుగు వేయబోయారు. నాటకం పూర్తి కాలేదు. 1915 నవంబరు 30న ఆయన పోయారు.

అయిపోయింది, అధ్యక్షా, దిగుతున్నాను. ఒక్క ప్రకటన. 1909 పాఠాన్ని ఏడు అంకాలుగా, రెండు రాత్రులు, గుంటూరులో ఆడబోతున్నాం. సౌజన్యారావు దొరికాడు. మధురవాణి, అగ్నిహోత్రావధాన్లు కావాలి. వేషం వేయదలచినవాళ్లు, చందా ఇవ్వదలచినవాళ్లు గుమ్మం దగ్గర బల్ల మీదున్న పుస్తకంలో పేరు రాయండి. వంద ఇచ్చినా లక్ష ఇచ్చినా ఒకే రంగు రసీదు. తెర మీద గురజాడ పేరు తప్ప ఇంకెవరి పేరూ ఉండదు. శాలువాలు ఉండవు. ముందు వరస కుర్చీలు వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు. రెండో రాత్రి నాటకం తెనాలి ఆఖరి బస్సు కంటే ముందే అయిపోతుంది, ఆ టైము నేను డిపోలో కనుక్కునే వచ్చాను.